మంట లేని క్రిములు

ఏమండీ,

మీరు పోయి నేటికి ఏడాది. ఈ మధ్య నాకు మూత్రంలో మంట తగ్గింది. అయినా నెలనెలా ఆళ్లగడ్డ ల్యాబులో పరీక్ష చేయించుకుంటున్నాను. నాకు తెలియకుండా ఏదీ నా ఒంట్లో చేరకూడదు. మొన్న క్రిములున్నాయని రిపోర్టు ఇచ్చారు. వెంటనే బస్సెక్కి నంద్యాల డాక్టరమ్మ దగ్గరికి పోయాను.

"మంటగా ఉందా అవ్వా? జరం?"

"ఏం లేదు."

"మరి ఏమిటికొచ్చినావు?"

"క్రిములుండాయి కదమ్మా. మందియ్యి."

"ఉండనీలే. నిన్నేం చేస్తాండాయి అవి? ఊరికే మాత్రలు మింగితే మొండిగా తయారైతాయి. రేపు నిజంగా మంటొస్తే మందు పనిచెయ్యదు. ఈ పరీక్షలు మానెయ్. మంటో జరమో వస్తే మాత్రం బిరీన రా."

మీ చుట్టాలనే రెండో రోజు ఉండనివ్వనిదాన్ని. అలాంటిది, వాటిని ఒంట్లో పెట్టుకుని మందు లేకుండా తిరిగి వచ్చాను.

"మంటగా ఉందా" అని రోజూ పొద్దున అడిగేది మీరు. ఇప్పుడు నన్ను నేనే అడిగి, "లేదు" అని పైకే చెబుతున్నాను.

ఈ ఉదయం కోడలు వంటింట్లోంచి తొంగిచూసింది. "ఎవురితో మాట్లాడతాండావత్తా?"

"పరీక్ష చేసుకుంటాండా" అన్నాను.