రాళ్ళన్నీ ఒకే వైపు జరిగినాయి

మంగళవారం, కోయిలకుంట్ల

పాత పటం ఎక్కించిన శాటిలైటు యంత్రంతో కొత్త సర్వేయరమ్మ ఈరోజు కొలిస్తే, మాబు బోరు పక్క రైతు శివారెడ్డి పొలంలో ఉన్నట్టు తేలింది. మాబు కుటుంబానికి ఆ బోరే ఆధారం.

"హద్దురాయి జరిపినావు మాబూ, ఇప్పుడు దొరికినావు," అన్నాడు రెడ్డి.

ముప్పై ఏళ్ళు సర్వే గొలుసు లాగినవాణ్ణి, గొలుసే నా బడి. మిగతా రాళ్ళు కూడా కొలవమన్నాను. పటంలోని చోటు నుంచి అన్నీ ఒకే దిక్కుకు, ఒకే దూరం జరిగినాయి. ఒక్క రాయి జరిగితే మనిషి పని. అన్నీ కలిసి జరిగితే లెక్క మొదలైన చోటే వేరు. ఒకప్పుడు ఒక్కో దేశం ఒక్కో చోటి నుంచి భూమిని కొలుచుకుంది. యంత్రానిది ప్రపంచమంతా ఒప్పుకున్న కొలత. దేశాలు పటాలు కలుపుకునేటప్పుడు పాత అంకెలను ముందు అందులోకి మార్చుకుంటాయి. సర్వేయరమ్మ అదే మరిచింది.

"ఏమప్పా రెడ్డీ, ఈ లెక్కన నీ ఇల్లు కుందూ ఏట్లో ఉండాది. వంట యాడ చేసుకుంటాండారు?" అన్నాను.

"మిషను మాట ఎట్ల నమ్మేది మామా," అన్నాడు వెంటనే.

అంకెలు మార్చి కొలిస్తే బోరు మాబు పొలంలోకే వచ్చింది. నాకు ముందే తెలుసు. కానీ ఆమె పోయిన వారం పక్క ఊరు కొలిచిందట. అక్కడ రెండో రాయి కొలవమని అడిగినవాళ్ళు ఉన్నారో లేదో...