కిటికీ పక్క సీటు, చివరి వరుస

అరికా,
జూన్ 9

విమాన కంపెనీలో ప్రయాణికుల బాగోగులు చూసే పెద్దమనిషికి,

ఎడెల్మీరా మాన్సియా నమస్కరించి రాయునది. మీరు క్షేమమని తలుస్తాను. నేను క్షేమం కాదు. ఆరో తారీకున నేనూ మా ఆయన అన్సెల్మో బార్రియా పుంతా అరేనాస్‌లో మీ విమానం ఎక్కాం. శాంతియాగోలో ఆగి, మధ్యాహ్నం పన్నెండుకు అరికాలో దిగాం. ఒంటిగంటకు మా పిన్ని కూతురు ఒర్తెన్సియా ఇంట్లో ఆయన పోయాడు.

మా ఆయన నలభై ఏళ్లు మాంసం ఫ్యాక్టరీ చలిగదిలో గొర్రె మాంసం మోశాడు. అప్పటినుంచీ ఆయన ఒంట్లో వేడన్నది లేదు. నడివేసవి జనవరిలో కూడా ఒకదాని మీద ఒకటి రెండు ఉన్ని చొక్కాలు తొడిగేవాడు. డాక్టరు ఇక నెలేనని చెప్పాక నన్ను ఒకే ఒక్కటి అడిగాడు: "నన్ను ఈ మంచు నేలలో పెట్టకు, మీరా. ఎండున్న చోట పెట్టు." అందుకే దేశం దక్షిణపు కొస నుంచి ఈ ఉత్తరపు కొసకు తీసుకొచ్చాను.

చిక్కేమిటంటే, ఇక్కడి శ్మశానంలో ఈ ఊళ్లో ప్రాణం వదిలినవాళ్లకే చోటు. అక్కడి గుమాస్తా దొన్ ఎలెయుతేరియో నన్ను ఎగాదిగా చూశాడు. పన్నెండుకు దిగినవాడు ఒంటిగంటకు పోతే, దిగేటప్పటికి బతికే ఉన్నాడని రుజువేమిటన్నాడు. మీ దగ్గరినుంచి కాగితం తెస్తే చోటిస్తాడట. లేకపోతే తిరుగు విమానంలో పుంతా అరేనాస్‌కే. అక్కడ ఈ జూన్ చలికాలంలో నేల తవ్వబోతే గునపం వంగిపోతుంది. ఏదో ఒకటి తేలేదాకా ఆయన్ను ఆసుపత్రి చలిగదిలో పెట్టారు. ఏ చలి నుంచి పారిపోయి వచ్చాడో మళ్లీ అందులోనే ఉన్నాడు. ఆ కాగితం త్వరగా పంపండి.

ఇట్లు,
ఎడెల్మీరా మాన్సియా

తా.క. చివరి వరుస సీట్లు వెనక్కి వాలవని టికెట్టు ఇచ్చేటప్పుడే చెప్పవచ్చు కదా? పుంతా అరేనాస్ నుంచి అరికా దాకా మా ఆయన సెనేటరులా నిటారుగా కూర్చున్నాడు. వెనకే మరుగుదొడ్డి. దేశంలో సగం మంది మా వరుస రాసుకుంటూ వెళ్లొచ్చారు.


శాంతియాగో,
జూన్ 14

గౌరవనీయులైన అన్సెల్మో బార్రియా గారికి,

మీ ఉత్తరం అందింది, సంతోషం. ప్రయాణ ధ్రువపత్రం కావాలంటే ప్రయాణికుడే స్వయంగా సంతకం చేసి దరఖాస్తు పంపాలి. మీ తరఫున మీ శ్రీమతి గారు రాయడం ముచ్చటగానే ఉంది గాని, చెల్లదు. దరఖాస్తు ఫారం జతచేశాం. సంతకం గీత దాటకుండా చూసుకోగలరు. అరికా ఎండ మీ ఒంటికి మేలు చేస్తోందని ఆశిస్తున్నాం.

భవదీయుడు,
ఫాబ్రిసియో ఇతుర్రా
ప్రయాణికుల సేవా విభాగం

తా.క. మీ తిరుగు ప్రయాణం ఈ నెల ఇరవైన. రెండు గంటలు ముందుగా రావలెను.


అరికా,
జూన్ 17

బాబూ ఫాబ్రిసియో,

నీ వయసెంతో తెలియదు. మా మేనల్లుడంత ఉంటావనుకుని 'నువ్వు' అంటున్నాను, ఏమీ అనుకోకు. నా ఉత్తరం మొదటి పేరాలోనే ఆయన పోయాడని రాశాను. మీ ఆఫీసులో మొదటి పేరా చదివే ఉద్యోగం ఎవరిదో కనుక్కో.

నీ ఫారం చేత్తో పట్టుకుని ఆసుపత్రికి వెళ్లాను. కాపలాదారు జాలిపడి లోపలికి పంపాడు. ఆయన మీద పల్చటి గుడ్డ ఒకటి కప్పి ఉంది, అంతే. నా శాలువా తీసి ఆయనకు కప్పి వచ్చాను. సంతకం మాత్రం అడగలేదు.

ఆయన మీ విమానంలో పడ్డ బాధ చాలదా? వాలని సీటు, మోకాళ్లు గడ్డానికి తగిలే ఇరుకు, శాంతియాగో దాకా తల మీద చల్లగాలి. ఇప్పుడు ఈ చలి కూడా మీ పుణ్యమే. రోజులు గడుస్తున్నాయి, నాకు నిద్ర పట్టడం లేదు. కాగితం పంపు.

ఇట్లు,
ఎడెల్మీరా

తా.క. ఇరవయ్యో తారీకున ఆయన రెండు గంటలేం ఖర్మ, రెండు రోజుల ముందే రాగలడు. కాకపోతే పెట్టెలో వస్తాడు. దాన్ని సీటు కింద పెట్టాలా, తల పైన అరలోనా?


శాంతియాగో,
జూన్ 24

శ్రీమతి ఎడెల్మీరా మాన్సియా గారికి,

మీ ఉత్తరాన్ని మా న్యాయవాదులు మూడుసార్లు చదివారు. సీటు, ఇరుకు, చల్లగాలి అంటూ మీరు రాసినదాన్ని బట్టి, మీ భర్త మరణానికి మా కంపెనీయే కారణమని దావా వేయబోతున్నారని వారు నిర్ణయించారు. ఆ ఆరోపణను పూర్తిగా ఖండిస్తున్నాం. ఈ వారమంతా విచారణ జరిపి సాక్ష్యాలు సేకరించాం.

శాంతియాగో దాటాక మా ఎయిర్ హోస్టెస్ మీ భర్త చేయి తాకి, చల్లగా ఉందని దుప్పటి కప్పింది. ఆయన ఎలాంటి అభ్యంతరమూ చెప్పలేదు. మీ వరుసలోనే నడవ పక్కన కూర్చున్న నీటి పంపుల వ్యాపారి దొన్ నిబాల్దో తన విడాకుల కథ మొత్తం మీ భర్తకు చెప్పుకున్నారట. మధ్యలో ఒక్కసారి కూడా అడ్డు రాకుండా విన్న మనిషిని జీవితంలో మొదటిసారి చూశానని రాసిచ్చారు. అన్నిటికన్నా ముఖ్యం, అరికాలో విమానం నేలకు దిగగానే పైలట్‌ను మెచ్చుకుంటూ మీ భర్త అందరితో పాటు చప్పట్లు కొట్టారు, అందరూ ఆపేశాక కూడా కొడుతూనే ఉన్నారు. మా సిబ్బందిలో ఇద్దరు కళ్లారా చూశారు.

కనుక మీ భర్త అరికాలో ప్రాణాలతో, ఉల్లాసంగా దిగారని ధ్రువీకరిస్తూ మూడు ముద్రలు వేసిన పత్రం జతచేస్తున్నాం. ఏ కోర్టులోనైనా ఇదే చూపిస్తాం.

భవదీయుడు,
ఫాబ్రిసియో ఇతుర్రా

తా.క. ఈ మాట న్యాయవాదులది కాదు, నాది. మీ శాలువా సంగతి చదివిన రోజు నాకు అన్నం సయించలేదు. మొదటి పేరా చదవనివాణ్ణి నేనే. క్షమించండి.


అరికా,
జూలై 1

బాబూ ఫాబ్రిసియో,

దావా ఊసే లేదు, మీ న్యాయవాదులను హాయిగా పడుకోమను. దొన్ ఎలెయుతేరియో ఆ మూడు ముద్రలూ చూసి కళ్లద్దాలు తుడుచుకున్నాడు, కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. అన్సెల్మోను నిన్న మధ్యాహ్నం ఉత్తరం వైపు వాలులో పెట్టాం. పొద్దంతా ఎండ తగిలే చోటు. మట్టి చేత్తో తీస్తే పొయ్యి మీంచి దించిన రొట్టెలా వెచ్చగా ఉంది. అక్కడే కూర్చుని చాలాసేపు ఏడ్చాను.

ఇవాళ సమాధి మీది సిమెంటు కూడా ఆరింది. కాబట్టి ఒక మాట చెబుతాను. నీ చివరి తా.క. చూడకపోతే ఎవరికీ చెప్పేదాన్ని కాదు. చదివి చించెయ్యి.

శాంతియాగో దాటాక మబ్బులు విడిపోయాయి. మీ పిల్ల దుప్పటి కప్పి వెళ్లింది. కాసేపటికి కిటికీలోంచి ఎండ వచ్చి ఆయన ఒళ్లో పడింది. "వెచ్చగా ఉంది, మీరా" అన్నాడు. మరి మాట్లాడలేదు. అరికా ఇంకా గంట దూరం.

గట్టిగా అరుద్దామని నోరు తెరిచాను. అరిస్తే దారిలో ఎక్కడో దించేస్తారు. గాలిలో పోయినవాడికి ఏ ఊరు చోటిస్తుంది? మళ్లీ పుంతా అరేనాసే, మళ్లీ ఆ మంచే. నోరు మూసుకున్నాను. ఆయన టోపీ కళ్ల మీదికి లాగాను. వాలని సీటు కాబట్టి కదలకుండా కూర్చున్నాడు. నేను తిట్టిన సీటే మమ్మల్ని కాపాడింది. దిగేటప్పుడు చక్రాల కుర్చీ తోసిన మనిషి, పెద్దాయన నిద్ర చెడగొట్టనండీ అని మెల్లగా తోశాడు. ఒర్తెన్సియా ఇంటికి చేరాకే ఏడ్చాను.

ఇట్లు,
ఎడెల్మీరా

తా.క. ఆ పంపుల పెద్దమనిషికి నిజం చెప్పకు. కథలో సగం మా ఆయన నిజంగానే విన్నాడు. ఆ వ్యాపారి భార్యదే న్యాయమని నా చెవిలో అన్నాడు కూడా.

ఇంకొకటి, ఆ చప్పట్లు. విమానం ఎక్కడం ఆయనకదే మొదటిసారి. శాంతియాగోలో దిగినప్పుడు, ముందు కూర్చున్న పైలట్‌కు వినపడాలని అందరికన్నా గట్టిగా కొట్టాడు. అరికాలో కొట్టకపోతే ఆయనకు వెలితిగా ఉంటుందనిపించింది. రెండు చేతులూ దుప్పటిలోంచి తీసి, పట్టుకుని నేనే కొట్టించాను. అందరూ ఆపేశాక కూడా ఆపలేకపోయాను బాబూ. ఎండకో, మీ దుప్పటికో, పెళ్లయిన ఇన్నేళ్లలో మొదటిసారి ఆ చేతులు నా చేతులకన్నా వెచ్చగా ఉన్నాయి.