మూలన లవంగం

మార్చి 5, మంగళవారం

మా అమ్మాయి దొహా సాఫ్ట్‌వేర్ చేసింది! నేను చదివింది నాలుగో క్లాసు. మా తాంతా ఊరి బజారులో యాభై ఏళ్ళు బస్బూసా మిఠాయి ట్రేలు కాల్చిన చేతులివి. నా కూతురు సాఫ్ట్‌వేర్ చేసింది! అల్లా, నీ దయకు హద్దు లేదు.

ఆస్పత్రి ల్యాబ్‌లో అరచేతంత ప్లాస్టిక్ ప్లేటు ఉంటుందట. అందులో తొంభై ఆరు గుంటలు, గుంటకొకరి రక్తం. ఏది ఎవరిదో ఇన్నాళ్ళూ పెన్నుతో రాసుకునేవారు. ఇకమీదట దొహా సాఫ్ట్‌వేరే ప్రతి గుంటకూ పేరు పెట్టి, కాగితం అచ్చేసి ఇస్తుంది.

మార్చి 6

మంగలి ఖైరీకి చెప్పాను. గుంటలకు పేర్లు పెట్టడమూ ఒక గొప్పేనా, నా ఆరుగురు పిల్లల పేర్లే నాకు కలిసిపోతాయి షాకిర్ బాబాయ్ అన్నాడు. అందుకేరా సాఫ్ట్‌వేర్ కావాలి అన్నాను.

మార్చి 8, శుక్రవారం

సెలవు. దొహా ఖాళీ ప్లేటొకటి, అచ్చేసిన కాగితమొకటి ఇంటికి తెచ్చి చూపించింది. వెలుగుకెత్తి చూశాను. ఎంత ముద్దుగా ఉందో! ముక్కకో బాదం గుచ్చిన నా ట్రేనే అన్నాను. నాన్నా, నీకు లోకమంతా ట్రేయే అని నవ్వింది.

ఆదివారం మొదటిసారి వాడతారట. ఒక ఊరి నుంచి తొంభై మంది, లివర్ జబ్బు పరీక్ష. గుంట పసుపెక్కితే జబ్బున్నట్టు. దొహా అమ్మకూ ఇదే జబ్బు, ఆలస్యంగా తెలిసింది. మనిషి దక్కలేదు.

అదే రోజు, సాయంత్రం 5

ప్లేటుకు ఒక మూల గుర్తుగా కోసి ఉంది. అది ఎడమవైపు. కాగితం మీద మొదటి పేరు కుడివైపు. అమ్మలూ, ట్రే తిరిగిపోయింది అన్నాను. పొయ్యి దగ్గర ట్రే తిరిగితే పిస్తా వేసిన సగం ఎటుందో తెలియాలని నేనెప్పుడూ ఒక మూల లవంగం గుచ్చేవాణ్ణి. కన్ను ముందు అక్కడికే పోతుంది.

మన రాత కుడి నుంచే కదా నాన్నా, అందరికీ సులువని నిన్ననే తెరను అరబిక్‌లోకి మార్చాను అంది. అంటూ అంటూ ఆగిపోయింది. ప్లేటును కాగితం పక్కన పెట్టి చూసింది. భాషతోపాటు తెర మీది గళ్ళు కూడా అద్దంలోలా తిరిగిపోయాయట. ప్లేటు చదివే యంత్రం మాత్రం ఎడమ నుంచే లెక్కపెడుతుంది. ఒకరి జబ్బు ఇంకొకరి పేరు మీద పడేది. తొంభై మంది!

కంప్యూటర్ ముందు కూర్చుంది. మూడుసార్లు టీ పెట్టాను. మూడూ చల్లారాయి.

మార్చి 10, ఆదివారం

పదకొండు గుంటలు పసుపెక్కాయి. పదకొండు మందినీ పేరు పెట్టి పిలిచారు. ఒకావిడ, పోవే పిల్లా, గాడిదలా గట్టిగా ఉన్నాను, నాకేం జబ్బు అందట. గాడిదకూ లివర్ ఉంటుంది పిన్నీ, ఇప్పుడు మందూ ఉంది, కూర్చో అందట నా కూతురు. కూర్చుందట! ఆవిడకు సమయానికి తెలిసింది. అల్లా, సమయానికి తెలిసింది!

ఇప్పుడు ప్రతి కాగితం ఎడమ మూలనా చిన్న లవంగం బొమ్మ అచ్చవుతోంది.

మార్చి 11

బస్బూసా చేశాను. మొదటి బాదం ఎడమ మూల పెట్టాను.