హారతి వేళ ఫోను

రేణిగుంట,
శనివారం.

చిరంజీవి తమ్ముడు మునిరత్నానికి అక్క ఆశీర్వదించి రాసేది. స్వామి దయవల్ల నేను, శేఖర్, కోడలు బాగున్నాం. నువ్వు, మరదలు, పిల్లలు చల్లగా ఉన్నారని తలుస్తాను. ఊరు వదిలి ఎనిమిది నెలలైనా ఇక్కడి ఎండ, ఉప్పునీళ్లు నాకు అలవాటు కాలేదు. ఎవరైనా ఇటు వస్తుంటే కాస్త రాగిపిండి పంపు.

నిన్న తెల్లవారుజామున స్నానం చేసి దీపం పెట్టాను. కోడలు ఉప్మా చేసి డబ్బాలో సర్దింది. శేఖర్ తన బాడుగ కారు కడిగి, అద్దానికి చామంతి దండ కట్టాడు. తడ నుంచి యాత్రికులను తీసుకురావాలి. చూడని దారి కదా అని నేనూ ముందు సీట్లో కూర్చున్నాను.

వరదయ్యపాళెం దాటాక, ఆరు గంటలకు వాడికి నీ ఫోను వచ్చింది. ఇల్లు వదిలి వచ్చిన బిడ్డ కదా అని, రోజూ మన ఊరి హారతి గంట వాడికి ఫోనులో వినిపించమని నిన్ను అడిగింది నేనే. వాడు ఎట్లా వింటాడో నిన్ననే చూశాను. ఫోను చెవికీ భుజానికీ మధ్య ఇరికించి, రెండు చేతులూ స్టీరింగు మీంచి తీసి కళ్లకు అద్దుకున్నాడు. గంట విని నేనూ కళ్లు మూసుకున్నాను. తమ్ముడూ, ఆ కాసేపు మా బండిలో దారి చూసేవాళ్లు ఎవరూ లేరు.

బ్రేకు చప్పుడుకు కళ్లు తెరిచాను. పాలక్యాను రోడ్డు మీద దొర్లుతోంది. పాలు తీసుకెళ్తున్న ఒకావిడ రోడ్డు పక్కన మట్టిలో పడి ఉంది. దెబ్బ తగల్లేదు. లేపబోతే శేఖర్ చెయ్యి తోసేసింది.

"యాడ సూస్తా వస్తాండావప్పా? నాకు దండం పెట్టుకుంటా వచ్చినావే, నేనింకా సావలేదు."

"తప్పైపోయిందమ్మా" అన్నాడు. బండెక్కాక మాత్రం నాతో, "ఒక్క నిమిసమే కదమ్మా. దినామూ చేసేదే" అన్నాడు. 'దినామూ' అన్న ఆ మాట నా గుండెలో నుంచి పోవడం లేదు.

పెద్దమ్మకు నా నమస్కారాలు. ఈ సంగతి ఆమెకు చెప్పవద్దు.

సాయంత్రం ముగ్గురం కూర్చున్నాం. "మామ పేరు కనబడితే ఎత్తకుండా ఉండలేనమ్మా" అన్నాడు శేఖర్. నాకు భయం వేసింది అక్కడే. కాబట్టి ఇకమీదట బండి తీసేముందు వాడు ఫోను నా చేతికిచ్చి పోవాలి. హారతి బయల్దేరే ముందే ఇంటి గడపలో నిలబడి తీసుకోవాలి. ఆరు గంటలకు నువ్వు చేస్తే నేను ఎత్తుతాను. వాడికని ఫోనులో గంట వినిపించకు, నాయనా. ఆ వేళకు వాడి కళ్లు రోడ్డు మీద ఉండాలని అందరం అనుకున్నాం.

నీ మేలు కోరే అక్క,
సుబ్బమ్మ