గొడ్లపాక వెనుక పదకొండు నాభి తీగలు

2025వ సంవత్సరం అక్టోబరు 16వ తేదీన, ఎమ్మిగనూరు మండలం ఎర్రగట్టు కొట్టాల వాస్తవ్యురాలు, కీర్తిశేషులు ఉరుకుందప్ప భార్య బజారమ్మ, వయసు 78, తన ఇంటి అరుగు మీద కూర్చుని వ్రాయించిన వీలునామా.

నాకు చదువు రాదు. మతి సరిగా ఉంది. ఎవరి బలవంతమూ లేదు. నన్ను బలవంతపెట్టే మనిషి ఈ ఊర్లో ఇంకా పుట్టలేదు. చెప్పింది చెప్పినట్టు వ్రాయాలని, నా మాటకు మెరుగు పెట్టరాదని లేఖరి గోపాలయ్యకు ముందే చెప్పాను. దీన్ని అమలుపరిచే బాధ్యత పక్క చేను పుల్లన్నది.

1. నివాసపు ఇల్లు, గొడ్లపాక నా తదనంతరం కుమారుడు వీరేష్‌కు చెందుతాయి. వంటింటి మిద్దె కారుతుంది. మూడేళ్లుగా ‘సూస్తాలేమ్మా’ అంటున్నాడు. ఇక తన ఇల్లు, తానే చూసుకుంటాడు.

2. నా చెవి కమ్మలు మద్దికెరలో ఉన్న కూతురు శాంతమ్మకు. అడిగినప్పుడు ఇవ్వలేదు, బోసి చెవులతో తిరగడం నాకు ఇష్టం లేదు. నల్ల కంబళి కూడా ఆమెకే. వచ్చినప్పుడల్లా వెతుక్కుని మరీ కప్పుకుంటుంది.

3. గొడ్లపాక వెనుక రాతినేల. చెక్కుబంది: తూర్పు పాక గోడ, దక్షిణం ముళ్లకంప, పడమర పుల్లన్న చేని గట్టు, ఉత్తరం బండి బాట. ఈ హద్దుల లోపలి జాగా, అందులోని పదకొండు అడవినాభి తీగలు గడ్డలతో సహా, కోడలు కవితకు సర్వహక్కులతో చెందుతాయి. వీరేష్‌కు ఇందులో వాటా లేదు. పుష్యమాసం మొదలు ఆరుద్ర కార్తె వరకు అతడు నీళ్ల బిందెతో సదరు హద్దుల్లో అడుగుపెట్టరాదు.

4. ముళ్లకంప తీసి బండలు పాతరాదు. నాభి ఆకు కొన చుట్టుకుని కంపను పట్టుకునే పైకి పోతుంది. నున్నటి బండను పట్టుకోలేదు. పువ్వు పసుపు తిరిగి, ఎర్రబడి, రాలుతుంది. తర్వాత తీగ ఎండుతుంది. చచ్చిందని పీకరాదు. గడ్డ పంగలకర్రలాగా ఉంటుంది, మొలక దాని కొనలోనే ఉంటుంది. తీయవలసి వస్తే చేత్తోనే తీయాలి, పార తగలరాదు. జానెడు లోతున పడుకోబెట్టి పూడ్చాలి. పెళ్లయిన ఏడాది నా భర్త మేకల వెంట గుట్టకు పోయి మొదటి గడ్డ తెచ్చాడు. ఆయన నాకు కొని తెచ్చింది ఏదీ లేదు. తవ్వి తెచ్చింది ఇదొక్కటే.

5. గడ్డ విషం. ముట్టుకున్న చేయి కడగకుండా ముద్ద పట్టరాదు. మేకలను, పసిపిల్లలను దూరంగా ఉంచాలి. పువ్వు అడిగినవారికి పువ్వు ఇవ్వవచ్చు. గడ్డ ఎవరికీ, ఎందుకూ ఇవ్వరాదు. మందుకని గోనెసంచితో వచ్చినవాణ్ణి నేను పొరకతో తరిమాను. ఆ పొరక ఎక్కడుంటుందో కవితకు తెలుసు.

6. ఈ జాగా కొడుక్కు కాక కోడలికి ఎందుకని అడిగేవారికి: 2023 ఎండాకాలంలో తుంటి విరిగి ఆదోని ఆసుపత్రిలో నెలన్నర ఉన్నాను. ఇంటికి వచ్చాను. ఆరుద్ర వానలు పడ్డాయి. అప్పట్లో నాభి గడ్డలున్న ఇంటి ముందరి పాదులో ఒక్క మొలకా లేవలేదు. తవ్వితే అంతా కుళ్లు. ఎండాకాలం తడి తగిలితే నాభి గడ్డ కుళ్లుతుంది. కోడలే నీళ్లు పోసిందని నాకు నేనే తీర్మానించుకుని, వీధి కుళాయి దగ్గర ఆడవాళ్లందరి ముందు, ‘నా మొగుడు తెచ్చిన గడ్డను సంపినావు గదే, నీ చేతి కూడు నేను తినను’ అన్నాను. కవిత బిందె ఎత్తుకుని పోయింది. మూడు నెలలు నా కూడు నేనే వండుకున్నాను.

తర్వాత కర్ర పట్టుకుని మొదటిసారి పాక వెనక్కి పోయాను. మూడు నాభి తీగలు పువ్వులతో ఉన్నాయి, ఇప్పటి పదకొండూ వాటి పిలకలే. వీరేష్‌ను నిలదీశాను. ‘ఎండిపోతాంది కదమ్మా అని దినామూ రెండు బిందెలు నేనే పోసినా. కవిత సూసి బిందె లాక్కునింది. కుళ్లనివి మూడే దొరికినాయి. ఇసకలో దాచి, వానకు ఈడ నాటింది. నీకు సెప్పొద్దనింది, నన్ను తిడతావని’ అన్నాడు.

ఆ రోజు నుంచి కవిత చేతి కూడే తింటున్నాను. తప్పు నాదని మాత్రం చెప్పలేదు. రెండేళ్లుగా నోటిదాకా వచ్చి ఆగిపోతోంది. కనుక వ్రాయిస్తున్నాను: నా కోడలు నాభిని చంపలేదు, బతికించింది. నేనన్నది తప్పు.

ఆ మాట అన్న చోటే, వీధి కుళాయి దగ్గర, ఈ ఆరో అంశాన్ని పుల్లన్న బిగ్గరగా చదవాలి. వీలునామా మరణం తర్వాతే అమలవుతుందని గోపాలయ్య అభ్యంతరం చెప్పాడు. ‘నేను సచ్చినంక సదివితే ఆ పిల్ల మొగం నేనెట్ల సూసేదప్పా?’ అని అడిగాను. కాబట్టి మిగతావన్నీ నా తదనంతరం. ఇది మాత్రం ఈ సాయంత్రం అయిదు గంటలకు, కుళాయి వచ్చినప్పుడు. నేను కూడా బిందె తీసుకుని వస్తాను.

పై సంగతులు రెండుసార్లు చదివించుకుని విని, సరేనని వేసిన ఎడమచేతి బొటనవేలి ముద్ర:
బజారమ్మ

తేదీ: 16-10-2025, ఎర్రగట్టు కొట్టాల

సాక్షులు:
1. తిరుపాల్
2. మరియమ్మ (ఆ రోజు కుళాయి దగ్గర ఉన్న మనిషి)

వ్రాసినవారు: గోపాలయ్య, దస్తావేజు లేఖరి, ఆదోని