ఆమోదించాల్సినవారు: శేషగిరిరావు

తర్లుపాడు

ప్రియమైన లీదియాకు,

ఫోనులో అయితే మధ్యలో కట్ చేస్తావు, అందుకే కాగితం మీద రాస్తున్నాను. పోయిన ఆదివారం గిద్దలూరు నుంచి ఇంటికొచ్చి, అన్నం తింటున్నంతసేపూ మీ ల్యాబు ముచ్చటే. నీళ్ల సీసాకు స్టిక్కరు అంటిస్తారట, స్కాన్ చేస్తే మిషనే పరీక్ష మొదలుపెడుతుందట, ఫ్లోరైడు అంకె దానంతటదే కంప్యూటరులోకి పోతుందట. ప్రతి మాట చివరా "శేషగిరి సార్ చెప్పినాడు". నువ్వు బస్సెక్కాక మా అమ్మ అడిగింది: "ఎవుర్రా ఆ శేషగిరి? మన చర్చి సంఘమోడా?"

నేనూ బీఎస్సీ కెమిస్ట్రీనే. ఇద్దరం ఒకే రోజు ఇంటర్వ్యూకు పోయినాం. నిన్ను తీసుకున్నారు, నన్ను పలకల ఫ్యాక్టరీ దుమ్ముకు వదిలేశారు. సరే. కానీ నేను చదివిన కార్మికుల కరపత్రాలన్నీ చెప్పేది ఒకటే: చేసిన చేతికే పేరు దక్కాలి. మీ కంప్యూటరు రిపోర్టుల్లో నీ పేరుందా? నీ పాస్‌వర్డు పంపు, నా కళ్లతో చూస్తాను. మొగుడి దగ్గర దాపరికమేంది?

కోపంతో, అంతకన్నా ప్రేమతో,
కరుణాకరం

గిద్దలూరు

ప్రియమైన బావకు,

శేషగిరి సార్ వచ్చే నెల రిటైరవుతాడు. మధ్యాహ్నం మజ్జిగన్నం తిని కుర్చీలోనే కునుకు తీస్తాడు. ఆయన మీద కుళ్లుకున్నావని తెలిస్తే జనం నవ్వుతారు బావా.

పాస్‌వర్డు ఎవరికీ ఇవ్వకూడదు. తెలిస్తే ఉద్యోగానికే ఎసరు. అయినా నువ్వు సరిగా తినడం లేదని అత్త ఫోను చేసి ఏడ్చింది కాబట్టి వేరే చీటీ మీద రాసి ఇందులో పెడుతున్నాను. చూడు, అంతే. ఏదీ ముట్టుకోకు. నాకు పెద్ద బాధ్యత ఒకటి రాబోతోందని ఆఫీసులో అనుకుంటున్నారు.

నీ మొండితనానికి అలవాటుపడిన
లీదియా

తర్లుపాడు

ప్రియమైన లీదియాకు,

చూశాను. ఫోనులోనే తెరుచుకుంది. కొమరోలు బోరు నీళ్లు పరీక్షించింది నువ్వు. నీ పేరు చీమంత అక్షరాల్లో ఉంది. కింద మాత్రం లావుగా "ఆమోదించాల్సినవారు: శేషగిరిరావు". యర్రగొండపాలెం నీళ్లకూ అంతే. నాకు ఒళ్లు మండింది. కొమరోలు రిపోర్టులో రిమార్కుల గడి ఖాళీగా ఉంటే నింపాను: "ఈ పరీక్ష చేసింది నా భార్య లీదియా. శ్రమ ఒకరిది, పేరు ఇంకొకరిదా? ఈ దోపిడీ నశించాలి!"

తిట్టుకుంటావని తెలుసు. ఎవరో ఒకరు అనాలి కదా. మీ సార్ మొహం ఎట్ల మాడిందో రాయి.

నీ పేరు కోసం పోరాడే
కరుణాకరం

గిద్దలూరు

బావా,

సార్ అంకె చూసి ఆమోదం నొక్కినాడు, రిమార్కు చదవలేదు. నొక్కగానే రిపోర్టు దానంతటదే పంచాయతీకి పోయింది. సర్పంచ్ ఫోను చేసి, "ఏందమ్మా, మా నీళ్లు తాగొచ్చా, లేదా? దోపిడీ సంగతి తర్వాత చూసుకుందాం" అన్నాడు.

రాసింది చెరపడానికి మా సాఫ్ట్‌వేర్ ఒప్పుకోదు. రాసినవారు లీదియా అని చూపించింది. అది రాసినట్టు చూపించిన సమయానికి నేను సార్ ఎదురుగానే నిలబడి ఉన్నాను. పాస్‌వర్డు నీకిచ్చానని నిజం చెప్పేశాను. ఆయన తిట్టలేదు. "నీ మొగుడు నన్నే తిట్టినాడు గానీ అంకె ముట్టుకోలేదులేమ్మా" అన్నాడు.

పరీక్ష చేసినవాళ్లే దాన్ని ఆమోదించకూడదు బావా, ఇంకొకరు సరిచూడాలి. అది ల్యాబు పద్ధతి. తన తర్వాత ఆ పని నాకివ్వమని పైవాళ్లకు రాసింది శేషగిరి సారే. పాస్‌వర్డు ఇచ్చినందుకు వాళ్లు ఇప్పుడు వద్దన్నారు. ఉద్యోగం మిగిలింది, సార్ రిటైరయ్యాక ఆ స్థానం సువార్తమ్మకు పోయింది. నా తర్వాత చేరిన పిల్ల, నేనే పని నేర్పాను.

ఈరోజు నేను చేసిన పరీక్ష కింద మొదటిసారి ఆమె పేరు పడింది. "అక్కా, పలకవేందక్కా?" అని పక్కకొచ్చి కూర్చుంది. తలనొప్పి అన్నాను. తలనొప్పి కాదు. ఆ పిల్ల తప్పేమీ లేదని తెలిసి కూడా ఆ పేరు చూడలేకపోయాను.

ఈ ఆదివారం రాను, నిన్ను చూస్తే అరుస్తాను. ఆపై ఆదివారం నువ్వే గిద్దలూరు రా. ఈ కడుపుమంట నీకు కాకపోతే ఇంకెవరికి చెప్పుకోవాలి?

కోపం తీరని
లీదియా