నాన్న పట్టిన చౌకీ కర్ర

12 జూలై 1957, శుక్రవారం, యానాం

ఇవాళ చిట్టిని ఏడిపించాను. ఐదేళ్ళ కూతురు. తప్పు దానిది కాదు, అందుకే నా మీద నాకే ఒళ్ళు మండుతోంది.

నా చిన్నప్పుడు నాన్న నాకు తెలియకుండా నా చొక్కా జేబులో బెల్లంముక్క వేసేవాడు. తర్వాత గుమ్మానికి అడ్డంగా చేతికర్ర పట్టుకుని, పొలిమేరలో సరుకులు సోదా చేసే చౌకీ జవానులా మీసం దువ్వేవాడు.

"ఏమండోయ్, ఫ్రెంచి సరుకు దాటించేత్తన్నారా? జేబు సూపించండి!"

నేను కర్ర కింద నుంచి దూరి పారిపోతే పెరడంతా తరిమేవాడు. దొరికితే సగం బెల్లం జరిమానా అంటూ తన నోట్లో వేసుకునేవాడు.

సాయంత్రం చిట్టి గౌను జేబులో బెల్లంముక్క వేసి, అదే కర్ర గుమ్మానికి అడ్డంగా పట్టి ఆడబోయాను.

"చౌకీ అంటే ఏంటి నాన్నా?" అంది.

నిజమే. మూడేళ్ళ కిందట ఫ్రెంచివాళ్ళు పోయి చౌకీ ఎత్తేసేనాటికి దానికి సరిగ్గా మాటలు కూడా రావు. విడమరిచి చెప్పాను. అర్థం కాలేదు. మళ్ళీ చెప్పాను. ఈలోగా బెల్లం మొత్తం తినేసి, "ఇంక ఎల్లిపోనా?" అంది.

"ఆటాడ్డం కూడా చేతకాదేంటే నీకు!" అని అరిచాను.

బిక్కచచ్చిపోయి, కర్ర కింద నుంచి దూరి లోపలికి పరుగెత్తబోయింది. కర్ర నుదుటికి ఠప్పున తగిలింది. బొప్పి కట్టింది.

నాన్న కర్ర నా నుదుటికి ఒక్కసారీ తగల్లేదు. ఏటేటా నేను పొడుగవుతున్నా తగల్లేదు. అదంతా నా చురుకేననుకున్నాను, ఇన్నాళ్ళూ.